నూట పద్దెనిమిది

మిషను నాలుక చాపినట్టు కాగితం బయటపెట్టింది.
హిమోగ్లోబిన్ తొమ్మిది. అదేం వింత కాదు,
ఈ కాలవగట్టున పది దాటిన ఆడవాళ్ళెందరని.
కింది వరస దగ్గర నా వేలు ఆగింది:
ఎమ్‌సీవీ నూట పద్దెనిమిది.
వంద దాటకూడదు ఆ అంకె.

రోజూ చూసేవి చిక్కిపోయిన కణాలు, పాలిపోయి, తాలు గింజల్లా.
ఇవి నానబోసిన వడ్లు.
ఒక్కోటీ ఉబ్బి, మొత్తమ్మీద తక్కువై.

మేడిది కరుణమ్మ, యాభై నాలుగు, సీతారామపురం.
లేసు అల్లుతుంది.
"సూది కనపడుద్దండి, దారమే తెలవట్లేదు వేళ్ళకి" అంది
తడి లేని చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

గోడ మీద ధరల పట్టిక.
థైరాయిడ్, లివరు, బీ ట్వెల్వ్, ఫోలేట్, రెటిక్ కౌంటు.
అన్నీ చేస్తే మూడు వేల పైచిలుకు.
ఆమె జిప్పు సంచిలో ఆరొందల ఎనభై.
అన్నీ చేసేసే ల్యాబులున్నాయి, వాటికి ఏసీలున్నాయి.
నాకు పని నేర్పిన యర్రమిల్లి మాస్టారు అనేవారు,
కంటితో దొరికేదాన్ని డబ్బుతో కొనిపించకురా అని.

తీసిన రక్తంలో ఇంకో చుక్క ఉంది.
గాజు పలక మీద లాగి, ఊదా రంగు పోసి,
క్యాను నీళ్ళతో కడిగాను
(మా బోరు ఉప్పు, రంగు నిలవనివ్వదు).

ఆరేలోగా అడిగాను, ఎలా అడగాలో తెలీక,
"ఇంట్లో... మందు అలవాటు...?"
నవ్వింది. "మా ఆయనకుండేదండి. పోయి తొమ్మిదేళ్ళు. నాకు ఆ వాసనే పడదండి."
లివరు మీద గీత కొట్టాను, పెన్సిలుతో, చెరపడానికి వీలుగా.
"చేపలు?"
"ఆయ్, చేప లేందే ముద్ద దిగదండి."
మరి బీ ట్వెల్వ్ కూడా కొట్టెయ్యాలా?
పెన్సిలు ఆగింది.

"బిళ్ళలేమైనా వాడతారా?"
కొంగుముడి విప్పింది. రెండు రేకులు.
ఒకటి షుగరుది, మెట్‌ఫార్మిన్, పదకొండేళ్ళ నించి, రెండు పూటలా.
రెండోది మందులకొట్టు కుర్రాడు రక్తం పడుద్దని ఇచ్చింది:
పసుప్పచ్చ ఫోలిక్ బిళ్ళలు. ఇంకా రెండే మింగింది.

ఫ్యాను కిందే చెమట పట్టింది నాకు.
ఆ పసుప్పచ్చది మంచి బిళ్ళే, మరీ మంచిది.
నాలుగు వారాల్లో నా మిషనుకి నచ్చే అంకెలు తెస్తుంది.
కణాలు సర్దుకుంటాయి,
నేనే "బావుందమ్మా" అని కాగితం మడిచిస్తాను.
వేళ్ళలో నరం మాత్రం పోగు పోగుగా ఊడుతూనే ఉంటుంది,
ఏ కాగితం మీదా పడకుండా.

మైక్రోస్కోపులో గుడ్డు ఆకారపు పెద్ద పెద్ద ఎర్రకణాలు.
వాటి నడుమ ఒక తెల్లకణం,
దాని కేంద్రకం ఆరు ముక్కలు. కాదు, ఏడు.
వెంట్రుకవాసి పోగుతో ఒకదానికొకటి అతుక్కుని.
ఆమె సంచిలో సగంలో ఆగిన లేసు పువ్వుంది,
దానికి రేకులు ఎనిమిది.
ఏ పోలికా కుదరలేదు, కుదర్చను కూడా.

డాక్టరుగారికి ఫోను చేశాను.
పరీక్ష రాయడం నా పని కాదు, చూసింది చెప్పడం నా పనే.
"చేపలు తినేవాళ్ళకి బీ ట్వెల్వ్ ఏంటయ్యా?"
"మెట్‌ఫార్మిన్ అండి. పదకొండేళ్ళు. వేళ్ళు మొద్దుబారాయి."
అటు మాట లేదు. రేవులో పంటు హారను మోగి ఊరుకుంది.
"బీ ట్వెల్వ్ తియ్యి. ముందదే.
థైరాయిడ్ వచ్చే వారం చూద్దాం. ఆ ఫోలిక్ ఆపమను."

ఏడొందల యాభై. డెబ్భై తక్కువ.
ఆ డెబ్భై పుస్తకంలో ఎక్కించలేదు.

శాంపిలు ఐసు డబ్బాలో మూడింటి బస్సుకి భీమవరం వెళ్తుంది.
మోచేతి మడతలో దూది పెట్టి
"గట్టిగా నొక్కి పట్టుకోండమ్మా" అన్నాను.

ఆమె తన వేళ్ళకేసి చూసుకుంది.
"నొక్కుతున్నానాండీ?" అంది.